ఛాయాచిత్రము – దిద్దుబాటు – సద్విమర్శ

మన కళాశాల వార్షిక సంచికకు కథల కంటె, కవితల కంటె ఛాయాచిత్రాలు ఎక్కువగా వచ్చే కాలం వచ్చింది. ఇందుకు విచారించవలసిన పని లేదు. కెమెరా కొనడం, రీలు వేయించడం, కడిగించడం, ప్రింట్లు తీయించడం మధ్యతరగతి కుటుంబాలకు భారంగా ఉన్న రోజులలో ఫోటో అన్నది పెళ్ళికో, పరీక్ష దరఖాస్తుకో తీయించుకునేది. కొండను, చెరువును, పొద్దుగూకే వేళ పొలం గట్టును తీస్తే రీలు పాడుచేశావని ఇంట్లో పెద్దలు కోప్పడేవారు. నేడు ఆ భయం తొలగిపోయింది. మన విద్యార్థులు, అందులోను విద్యార్థినులు, తమ ఊరి చుట్టూ ఉన్న నేలను ఆగి చూడదగిన వస్తువుగా చూస్తున్నారంటే అది సెల్‌ఫోన్ చేసిన కొద్దిపాటి మేళ్ళలో ఒకటి.

అయితే ఈసారి వచ్చిన ప్రకృతి దృశ్యాలను బల్లమీద పరచి చూసినప్పుడు ఒక విచిత్రం కంటబడింది. గండికోట లోయ మీద, పాపికొండల మీద, లంబసింగి మంచు మీద, హుస్సేన్‌సాగర్ నీటి మీద ఒకే ఆకాశం ఉన్నది. ఆకాశం అందరికీ ఒక్కటే గదా అని వేదాంతం చెప్పవచ్చు. కాని చేపతోకవలె చీలిన ఒకే నారింజరంగు మబ్బు నాలుగు చోట్ల, నాలుగు వేర్వేరు నెలలలో, అదే కొలతతో కుడివైపునే వచ్చి నిలబడటం ఏ ఋతుపవనానికీ సాధ్యం కాదు. ఫోటోషాప్ అనే సాఫ్ట్‌వేర్ 1990లో వచ్చింది. అందులో ఆకాశాన్ని ఒక్క మీటతో మార్చే సాధనం 2020లో చేరింది. ఆ తరువాత అటువంటి సాధనాలు సెల్‌ఫోన్లలోకి కూడ దిగివచ్చాయి. మన పిల్లలు వాటిని వాడుకున్నారు. అంతే జరిగింది.

దీనిపై అధ్యాపకుల గదిలో వెంటనే రెండు పక్షాలు ఏర్పడ్డాయి. దిద్దిన ఫోటో అబద్ధం కాబట్టి అచ్చు వేయరాదని ఒక పక్షం. కళాకారునికి హద్దులేమిటి, కవి చంద్రుని నేలకు దింపగా లేనిది విద్యార్థి మబ్బును తెచ్చి పెడితే తప్పా అని రెండవ పక్షం. మేము ఈ రెండింటిలో దేనికీ చెందము. రెండు పక్షాలవారూ ఛాయాచిత్రం ఎట్లా తయారవుతుందో కొంచెం తొందరగా మరచిపోయారని మా అభిప్రాయం.

దిద్దుబాటు సెల్‌ఫోన్‌తో పుట్టినది కాదు. ఫ్రాన్సు దేశస్థుడు గుస్తావ్ లె గ్రే 1850ల చివరి భాగంలో సముద్ర దృశ్యాలు తీశాడు. ఆనాటి కొలోడియన్ పలకలకు నీలిరంగు వెలుగు అతిగా సోకేది. నీటికి సరిపడ వెలుగు ఇస్తే ఆకాశం తెల్లకాగితమయ్యేది. ఆకాశానికి సరిపడ ఇస్తే నీరు మసిబారేది. అందుచేత ఆయన తన చిత్రాలు కొన్నింటిలో సముద్రాన్ని ఒక నెగటివ్ మీద, మబ్బులను మరొక నెగటివ్ మీద తీసి, క్షితిజరేఖ దగ్గర రెండింటినీ కలిపి ఒకే ప్రింటు చేశాడు. ఒకే మబ్బుల నెగటివ్‌ను ఒకటి కంటె ఎక్కువ సముద్రాలకు వాడిన సందర్భాలు కూడ ఉన్నాయి. మన చేపతోక మబ్బుకు నూట అరవై ఏళ్ళ నాటి పెద్దన్న ఉన్నాడన్న మాట! లె గ్రే చిత్రాలను నేడు గొప్ప మ్యూజియములలో భద్రపరచి చూపుతున్నారు.

ఆన్సెల్ ఆడమ్స్ (1902–1984) సంగతి ఇంకా ముఖ్యం. అమెరికా పర్వతాలను, లోయలను ఆయనవలె తీసినవారు అరుదు. 1941 నవంబరు 1వ తేదీ సాయంకాలం న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ అనే పల్లె మీదుగా కారులో పోతూ, చర్చి వెనుక సమాధుల మీది తెల్లని సిలువలపై చివరి ఎండ పడుతుండగా, పైన చంద్రుడు ఉదయించి ఉండగా ఆయన ఒక చిత్రం తీశాడు. వెలుగును కొలిచే మీటరు చేతికి దొరకలేదు. చంద్రుని కాంతి ఎంతో ఆయనకు కంఠస్థం. దానినిబట్టి లెక్కవేసి తీశాడు. రెండవ పలక సిద్ధం చేసేలోగా ఎండ వెళ్ళిపోయింది. ఉన్నది ఆ ఒక్క నెగటివే. దాని నుండి ఆయన తన జీవితకాలంలో వెయ్యికి పైగా ప్రింట్లు చేశాడు. తొలినాటి ప్రింట్లలో ఆకాశం బూడిదరంగులో, పలుచని మబ్బుచారలతో ఉంటుంది. కాలం గడిచినకొద్దీ ఆకాశం నల్లబడుతూ వచ్చి, చివరి ప్రింట్లలో దాదాపు కాటుకవలె అయింది. చీకటి గదిలో కాగితంపై కొంత భాగాన్ని చేతితోనో, అట్టముక్కతోనో కాసేపు మూసి, కొంత భాగానికి ఎక్కువసేపు వెలుగునిచ్చి ఆయన ఈ పని చేసేవాడు. యౌవనంలో పియానో వాద్యకారుడు కావాలని సాధన చేసినవాడు కాబట్టి నెగటివ్‌ను స్వరలిపితోను, ప్రింటును కచేరీతోను పోల్చేవాడు. మన సంగీతాభిమానులకు ఈ మాట వివరించనక్కరలేదు. కీర్తన ఒక్కటే, పాడినప్పుడల్లా ఒక్కలాగే ఉండదు.

అయితే ఆడమ్స్ నల్లబరచిన ఆకాశం హెర్నాండెజ్ ఆకాశమే. ఆ చంద్రుడు ఆ సాయంత్రపు చంద్రుడే.

తెలుగులో 'దిద్దుట' అన్న క్రియ ఎంత అందమైనదో విద్యార్థులు గమనించాలి. పలకమీద అయ్యవారు రాసిచ్చిన అక్షరాన్ని పిల్లవాడు దిద్దుతాడు. తల్లి బిడ్డ కళ్ళకు కాటుక దిద్దుతుంది. పంతులు తప్పులు దిద్దుతాడు. ఈ మూడు చోట్లా దిద్దేది ఉన్నదాని మీదనే. అక్షరం లేని చోట దిద్దడం లేదు. కన్ను లేని చోట కాటుక లేదు. ఫోటోలో వెలుగు పెంచడం, నీడ తేల్చడం, వంగిన క్షితిజరేఖను సరిచేయడం, అనవసరమైన అంచు కత్తిరించడం, వర్ణచిత్రాన్ని నలుపు తెలుపులలోకి మార్చడం – ఇవన్నీ మా దృష్టిలో దిద్దుబాట్లే. వీటిని నిషేధించేవారు సెల్‌ఫోన్ తనంతట తానే పటపట కొన్ని చిత్రాలు తీసి, వాటిని కలిపి ఒకటిగా మనకు ఇస్తున్నదన్న సంగతి తెలుసుకోవాలి. విద్యార్థి దిద్దకపోతే యంత్రం దిద్దుతుంది. యంత్రం కంటె విద్యార్థి దిద్దడమే మాకు ఇష్టం.

ఒక వస్తువును తీసివేయడం, మరొకదానిని తెచ్చి పెట్టడం, ఉన్నదానిని జరపడం వేరు. అవి దిద్దుబాట్లు కావు, కల్పనలు. కల్పన కూడ కళయే. కాని చూసేవారికి ఆ సంగతి తెలియాలి. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక తన నిలువు ముఖచిత్రంలో పట్టించడానికి గీజా పిరమిడ్లను కంప్యూటరు సహాయంతో దగ్గరకు జరిపింది. నాలుగున్నర వేల ఏళ్ళు కదలని పిరమిడ్లు కదిలాయి! దానిపై వచ్చిన విమర్శ నేటికీ పత్రికా విద్యార్థులకు పాఠంగా ఉన్నది. 2012లో బ్రిటన్‌లో ప్రకృతి దృశ్యాల పోటీలో మొదటి బహుమతి పొందిన చిత్రాన్ని, అందులో నిబంధనలు అనుమతించని డిజిటల్ మార్పులు ఉన్నాయని తేలిన తరువాత, పోటీ నుండి తొలగించారు. అక్కడ కూడ గొడవ మబ్బులతోనే. అదే చిత్రాన్ని మార్పులకు వీలున్న విభాగంలో పంపి ఉంటే ఎవరూ ఆక్షేపించేవారు కారు. అంటే తగవు మబ్బుతో కాదు, చూసేవారికి ఇచ్చిన మాటతో.

ఇంతవరకు చెప్పినది సులభమైన భాగం. ఇప్పుడు కష్టమైనదానికి వస్తాము.

ఈ సంవత్సరం మాకు అందిన చిత్రాలలో ఒక కొండ ఉన్నది. డిగ్రీ రెండవ సంవత్సరం విద్యార్థిని పంపినది. ముందు వేరుశెనగ చేను, వెనుక గుండ్రని బండలతో కొండ, ఆ కొండ భుజం మీద వాలుతున్న ఎండ. రంగులలో ఎక్కడా అతి లేదు. విద్యార్థులందరూ మెచ్చుకున్నారు. ఆ పక్క ఊరి నుండి బస్సులో వచ్చే కుర్రవాడొకడు మాత్రం లేచి, "సార్, ఆ కొండకు ఎడమపక్క ఇప్పుడు లేదు గదా, క్వారీవాళ్ళు కోసేశారు గదా" అన్నాడు. వెంటనే నలుగురు అతని మీద విరుచుకుపడ్డారు. అసూయ అన్నారు. ఆడపిల్ల చిత్రం తీస్తే ఓర్వలేవా అన్నారు. కుర్రవాడు కూర్చున్నాడు. మళ్ళీ నోరు తెరవలేదు.

అతడన్నది నిజం. ఆ విద్యార్థిని దాచలేదు కూడ. కోసివేసిన రాతిముఖాన్ని, క్రషర్ రేపే తెల్లని దుమ్మును చెరిపి, కుడివైపు బండలను తిప్పి ఎడమవైపు అతికించానని చెప్పింది. ఎందుకమ్మా అని అడిగితే, "మా చిన్నప్పుడు అట్లానే ఉండేది సార్. మా నాన్నమ్మకు చూపించడానికి చేసినాను" అన్నది.

ఈ జవాబు విన్న తరువాత అబద్ధం, మోసం అనే మాటలు మా నోట రాలేదు. చేపతోక మబ్బు అతికించినవారు దృశ్యాన్ని చూడలేదు. ఈ అమ్మాయి చూసింది, గుర్తు పెట్టుకున్నది, పోయినదానిని చేతనైనంత తిరిగి నిలబెట్టింది. సంచికకు వచ్చిన చిత్రాలలో అన్నింటికంటె ఎక్కువ కల్పన ఇందులోనే ఉన్నది. అన్నింటికంటె ఎక్కువ మమకారమూ ఇందులోనే ఉన్నది. కాని 'మా ఊరి కొండ' అన్న పేరుతో, ఈ సంవత్సరం తేదీతో ఆ చిత్రం అచ్చయితే ఏమవుతుంది? ఇరవై ఏళ్ళ తరువాత గ్రంథాలయంలో ఈ సంచిక తిరగేసేవారికి ఆ కొండ చెక్కుచెదరలేదనే సాక్ష్యం మనమే ఇచ్చినట్లవుతుంది. దుమ్ము పీలుస్తున్న ఊరివారి పక్షాన మాట్లాడవలసిన చిత్రం వారికి ఎదురు సాక్ష్యం చెబుతుంది. క్వారీ యజమానికి కూడ ఇంత ఉపకారం చేసే చిత్రం దొరకదు.

ఇది ఊహాగానం కాదు. రాజా దీన్‌దయాళ్ (1844–1905) ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు. సికిందరాబాదులో స్టూడియో నడిపినవాడు. ఆయన తీసిన చిత్రాలను ఆనాడు ప్రభువులు అలంకారంగా చూసి ఉండవచ్చు. నేడు పరిశోధకులు వాటిలో వీధి ఎంత వెడల్పో, కట్టడం ఎట్లా ఉండేదో వెదుకుతున్నారు. అందంకోసం తీసినది సాక్ష్యమవుతుంది. ఎప్పుడు అవుతుందో తీసినవానికి తెలియదు.

కాబట్టి ఆ కొండ చిత్రాన్ని వేయాలనే మా పట్టుదల. పక్కనే దిద్దని అసలు చిత్రాన్ని కూడ వేయాలి. పేరు 'మా నాన్నమ్మ చూసిన కొండ' అని ఉండాలి. రెండూ ఎదురెదురు పుటలలో ఉంటే చదువరికి ఇంకొక వ్యాఖ్య అక్కరలేదు. అమ్మాయి ఇందుకు సంతోషంగా ఒప్పుకున్నది. కమిటీలో కొందరు పెద్దలు క్వారీ ఫోటో మన సంచికలో ఎందుకు, ఎవరికైనా కోపం వస్తుందేమో అని సందేహిస్తున్నట్లు వినికిడి. వారిపై గౌరవంతోనే చెబుతున్నాము: అందమైన చిత్రం ఒక్కదానిని వేసి రెండవదానిని ఆపడం కంటె రెండింటినీ ఆపడమే మేలు.

ఇక ఆ కుర్రవాని సంగతి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అతడే. అతడు అడిగిన ప్రశ్న వల్లనే ఆ చిత్రంలోని సగం విలువ బయటపడింది. అడిగినందుకు అతనికి దక్కినది అవమానం. మన విద్యార్థులు ఒకరి పనిని ఒకరు చూసి మెచ్చుకోవడం నేర్చారు, చూసి చెప్పడం నేర్వలేదు. ఫోన్లో బొటనవేలు గుర్తులు, గుండె గుర్తులు పంపుకోవడం దీనికి తోడయింది. ముషాయిరాలో 'వాహ్ వాహ్' అనేవారికి కూడ షేర్ అర్థం కావాలి. దాద్ ఇవ్వడం ఒక విద్య. అర్థం లేని దాద్ కవిని పాడుచేస్తుందని ఉర్దూ పెద్దలు ఊరికే అనలేదు.

ముషాయిరా వెనుక ఇస్లాహ్ అనే సంప్రదాయం ఉన్నదని మన ఉర్దూ విద్యార్థులకు తెలుసు. తెలుగు విద్యార్థుల కోసం చెబుతున్నాము. షాగిర్ద్ తన గజల్ తెచ్చి ఉస్తాద్ ముందు పెడతాడు. ఉస్తాద్ ఒక మాట కొట్టివేసి, పైన మరొక మాట రాస్తాడు. నచ్చిన షేర్ పక్కన 'స్వాద్' అక్షరం గుర్తు వేస్తాడు. గాలిబ్ తన శిష్యుడు మున్షీ హర్‌గోపాల్ తఫ్తాకు రాసిన లేఖలలో ఫలానా పదం ఎందుకు కుదరదో, ఫలానా ప్రయోగం ఎవరు చేశారో వివరంగా చర్చిస్తాడు. దాగ్ దెహ్లవీ హైదరాబాదులో నిజాముకు ఉస్తాద్‌గా ఉంటూ, టపాలో వచ్చే గజళ్ళను దిద్ది పంపేవాడు. అట్లా పంపినవారిలో పంజాబు నుండి యువకుడైన ఇక్బాల్ ఒకడు. దాగ్, దీన్‌దయాళ్ ఒకే ప్రభువు ఆశ్రయంలో ఉండి, ఒకే సంవత్సరం, 1905లో కన్నుమూశారు. ఒకరు మాటను దిద్దినవారు, ఒకరు వెలుగును పట్టినవారు.

తెలుగువారికీ ఈ పద్ధతి కొత్త కాదు. అవధానంలో పృచ్ఛకుడు అడ్డు తగిలేది అవధానిని పడగొట్టడానికి కాదు. అతని పద్యం నిలుస్తుందో లేదో చూడటానికి. సభలో ఎవరూ పృచ్ఛకుని అసూయాపరుడని అనరు.

ఛాయాచిత్రాన్ని విమర్శించేవారికి ముందు ఓపిక కావాలి. అరచేతి వెడల్పు ఫోనులో ప్రతి చిత్రమూ బాగానే కనబడుతుంది. దానిని ఎనిమిదికి పన్నెండు అంగుళాల కాగితంమీద తీయించి గోడకు ఆనించండి. అప్పుడు అతికించిన ఆకాశం అంచున చెట్ల కొమ్మల చుట్టూ తెల్లని గీత కనబడుతుంది. నీడలు చూడండి. గండికోట చిత్రాలలో ఒకదానిలో సూర్యుడు లోయకు ఎదురుగా ఉదయిస్తున్నాడు; బండల నీడలు కూడ ఆ సూర్యునివైపే పడుతున్నాయి. సూర్యునివైపు నీడ పడే లోకం ఇంకా సృష్టి కాలేదు. నీటిని చూడండి: పైన ఎర్రని ఆకాశం ఉండి, కింద నీరు నడిమధ్యాహ్నపు నీలంగా ఉంటే ఆ నీటికి ఆ ఆకాశం పరాయిది. తరువాత చిత్రాన్ని తలకిందులు చేసి చూడండి. వెనకటి పెద్ద కెమెరాలలో గాజుపలకమీద దృశ్యం తలకిందులుగానే కనబడేది. కొండ, చెరువు అనే పేర్లు మరుగుపడి, బరువు ఎటువైపు ఉన్నది, వెలుగు ఎక్కడ ఉన్నది అన్నది మాత్రమే మిగిలేది. ఈ ఉపాయం నేటికీ పనిచేస్తుంది.

చెప్పవలసినది చిత్రం గురించి. తీసినవారి గురించి కాదు. 'బాగాలేదు' అనేవాడు విమర్శకుడు కాడు, 'సూపర్' అనేవాడూ కాడు. నా కన్ను ముందు ఎక్కడికి పోయింది, అక్కడి నుండి ఎక్కడికి పోలేక ఆగిపోయింది, నీవు అక్కడ నిలబడినప్పుడు ఏమి చూశావు, అది ఇందులో ఎక్కడ ఉన్నది – ఇట్లా అడగగలిగితే చాలు. తీసినవారు వెంటనే సమాధానం చెప్పుకోకుండా కాసేపు వినడం మంచిది. విన్న తరువాత ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. దాగ్ చేసిన ఇస్లాహ్ అయినా ఒప్పుకోని శిష్యులు ఉండకపోరు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. మన సంచిక రెండు వైపుల నుండి తెరుచుకుంటుంది. తెలుగు ఎడమ నుండి, ఉర్దూ కుడి నుండి. ఉర్దూ విభాగంలో ఫోటోలోని దారి కుడి నుండి ఎడమకు నడిస్తే పుటకు అందమని, కాబట్టి గండికోట చిత్రాన్ని అద్దంలోవలె తిప్పి వేద్దామని ఒక మిత్రుడు సూచించారు. ఆయన కన్ను మంచిదే. దారి ఉన్న ఆ చిత్రాన్ని ఉర్దూ చదివే విద్యార్థులు, తెలుగు చదివే విద్యార్థులు వేర్వేరు మూలల నుండి చూడటం మొదలుపెట్టడం మేమూ గమనించాము. కాని పెన్న తిప్పిన వైపుకు పారదు. చార్మినార్‌ను తిప్పి వేస్తే చాలామంది కనిపెట్టలేరేమో గాని, అక్కడి దుకాణాల బోర్డులు మాత్రం ఊరుకోవు. తిప్పే బదులు కుడి నుండి నడిచే దారిని వెదికి తీసుకురమ్మని ఉర్దూ విభాగం విద్యార్థులను పంపాము. రెండు మంచి చిత్రాలు వచ్చాయి.

కమిటీవారికి మా విన్నపం పెద్దది కాదు. వచ్చే విద్యాసంవత్సరం నుండి నెలకు ఒక శనివారం మధ్యాహ్నం గ్రంథాలయం పక్క వరండాను ఇప్పించండి. నెలకు పది ప్రింట్ల ఖర్చు మంజూరు చేయండి. సంచిక అట్టకు వేసే మెరుపు పూత ఒక్క ఏడు మానుకుంటే ఆ ఖర్చు సరిపోతుంది. చిత్రాలను పేర్లు లేకుండా గోడకు తగిలిస్తాము. అబ్బాయిలు, అమ్మాయిలు, ఉర్దూ శాఖ, తెలుగు శాఖ అనే భేదం లేకుండా ఎవరైనా వచ్చి చూసి మాట్లాడవచ్చు. మొదటి శనివారం మాట్లాడటం ప్రారంభించవలసినదిగా ఆ పక్క ఊరి కుర్రవానిని అడిగాము. రెండుసార్లు కాదన్నాడు. మూడవసారి, కొండ తీసిన అమ్మాయి వస్తే తానూ వస్తానన్నాడు.

చిత్రం పంపేవారు వెనుకవైపు స్థలం, తేదీ, వేళ, ఏమి దిద్దారు, ఏమి తీసివేశారు, ఏమి తెచ్చి పెట్టారు అన్నది తమ చేతితో రాయాలి. ఉర్దూలో రాసినా తెలుగులో రాసినా మాకు సమ్మతమే.